మూత పెడితే వచ్చే ఈల

మెకానిక్ డబ్బా మూతకి చివరి స్క్రూ బిగించి, స్క్రూడ్రైవర్ బల్లమీద పడేసి, తయారైన వస్తువుని రెండు చేతులతో ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఒకప్పుడది బిస్కెట్ల డబ్బా. ఇప్పుడు ఒళ్లంతా ఆకుపచ్చ రంగు వేయించుకుని, ముందు ఒక నాబ్, వెనక సాకెట్లు పెట్టించుకుని దర్జాగా ఉంది. లోపల ఉన్నది మైకు ప్రీయాంప్. మైకులోంచి వచ్చేది చీమ నడిచినంత చప్పుడు. దాన్ని మనిషి మాటంత పెంచడం ప్రీయాంప్ పని. పెంచేటప్పుడు తన సొంత గోల కలపకపోవడం మంచి ప్రీయాంప్ పని. బజార్లో దొరికేవి మొదటి పనే చేస్తాయని, రెండో పని తను కట్టిన డబ్బా మాత్రమే చేస్తుందని అతని నమ్మకం. అతని నమ్మకాలతో వాదించే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు.

కానీ ఇవాళ ఈ డబ్బా పనిచేసి తీరాలి. గురువారం అతని భార్యకి ఆపరేషన్. గొంతులో గడ్డతో పాటు మాట పలికించే పెట్టెనే తీసేస్తామని సర్జన్ చెప్పేశాడు. బుధవారం వెళ్లి చేరాలి. ఇవాళ మంగళవారం. గురువారం తర్వాత ఆమె నోరు కదుపుతుంది గానీ మాట రాదు.

ఆస్పత్రిలో రోగులకు మళ్లీ మాట నేర్పే డాక్టరమ్మ ఒక దారి చూపించింది. ఇప్పుడే ఆమె చేత కొన్ని వందల వాక్యాలు చదివించి పంపితే, కంప్యూటర్ ఆ గొంతుని పట్టుకుంటుందట. ఆ తర్వాత ఆమె ఫోన్‌లో ఏది టైప్ చేసినా ఆ గొంతే పలుకుతుందట. షరతు ఒక్కటే: రికార్డింగ్ వెనక ఏ చప్పుడూ ఉండకూడదు. కూతురు ఫోన్‌లో పట్టి పంపిన మొదటి విడత తిరిగొచ్చింది, వెనక గోల ఎక్కువగా ఉందని. జబ్బుతో ఆమె గొంతు సన్నబడిపోయింది. గొంతు వినపడేదాకా పెంచితే గోలా దాంతో పాటే పెరుగుతోంది. పైగా పొద్దున లేచాక కాసేపే ఆ గొంతు బాగుంటుంది. ఎండెక్కేసరికి జీరపోతుంది, ఇంకా లాగితే అసలు రాదు.

ఎవరైనా స్టూడియో వాళ్ల దగ్గరికి తీసుకెళ్దామని కూతురు అప్పుడే అంది. మెకానిక్ కస్సుమన్నాడు. జీవితమంతా ఊళ్లోవాళ్ల గొంతులు బాగుచేసినవాణ్ణి, ఇంట్లో మనిషి గొంతుకి ఇంకొకడి గుమ్మం తొక్కాలా అన్నాడు. ఆ మాటతో కూతురు స్టూడియో ఊసు మానేసింది.

అతను అలా అనడానికి కారణం లేకపోలేదు. ఈ వీధుల్లో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ అతను పాముచెవుల మెకానిక్. వయసులో ఉన్నప్పుడు మీటింగుల్లో గుట్టల్లా పేర్చిన స్పీకర్ల పక్కనే నిలబడి, కళ్లు మూసుకుని, పైనుంచి ఫలానా స్పీకర్‌లో మోగే కాగితం చిరిగిందని చెప్పేవాడు. విప్పి చూస్తే చిరిగే ఉండేది. ఆ పేరు విన్నప్పుడల్లా అతనికి ఏనుగెక్కినట్టుండేది, ఇప్పటికీ ఉంటుంది. ఈమధ్య మాత్రం అతనికి జనం మీద ఒక ఫిర్యాదు పెరిగింది. ఎవరూ నోరు తెరిచి మాట్లాడటం లేదు. షాపుకొచ్చినవాళ్లు గొణుగుతారు, ఫోన్‌లో మాట్లాడేవాళ్లు నములుతారు, టీవీలో వార్తలు చదివేవాళ్లకైతే అన్నం పెట్టడం లేదేమోనని అతని అనుమానం. సరిగ్గా మాట్లాడేది తన భార్య ఒక్కతే. ఆవిడ మాటంటే మాటే, వీధి చివరికి వినిపించాలి.

ఆ భార్య ఉద్యోగం చంటిపిల్లల్ని చూసుకునే సెంటర్లో. మధ్యాహ్నం పిల్లలందర్నీ పడుకోబెట్టడం ఆవిడ వంతు. అక్కడ ఆవిణ్ణి జోలమ్మ అంటారు. ఆవిడ వచ్చి నాలుగు మాటలు చెబితే ఎంత మొండి పిల్లాడైనా నిద్రపోతాడని తల్లులు చెప్పుకుంటారు. ఇది విన్నప్పుడల్లా మెకానిక్ పగలబడి నవ్వేవాడు. ఈ గొంతుకి పిల్లలు నిద్రపోవడమేమిటి, భయపడి కళ్లు మూసుకుంటున్నారేమో చూడండి అనేవాడు. ఆవిడ కూడా నవ్వేది. ఎదురు చెప్పేది కాదు.

డబ్బా కోసం అతను పడ్డ పాట్లు చెప్పుకుంటే తల ప్రాణం తోకకొస్తుంది. ట్రాన్సిస్టర్లు సంచిలోంచి ఒక్కొక్కటే తీసి, బిగించి, ఆసిలోస్కోప్‌లో చూశాడు. ఆ తెరమీద పచ్చటి గీత ఒకటి అడ్డంగా పరుగెడుతుంది. గీత ఎంత సన్నగా ఉంటే ఆ ట్రాన్సిస్టర్ అంత నిశ్శబ్దం. వెంట్రుకలా కనిపించినవాటినే ఏరుకుని మిగతావాటిని సంచిలోకి గిరాటేశాడు. కరెంటు గోల అంటకుండా బ్యాటరీలు పెట్టాడు. పాతకాలపు మిషన్లోంచి మైకు ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఊడబీకి ముందు దాన్ని కూర్చోబెట్టాడు. మైకు బదులు ఒక రెసిస్టర్ తగిలించి, మూత తీసే ఉంచి, స్కోపులో చూస్తే గీత తొణకలేదు. మూత బిగించాక మాత్రం అతను స్కోపు జోలికి పోడు. ఇక చెవే సాక్షి. పని నేర్పినాయన దగ్గర పట్టుబడిన పద్ధతి అది. వినేది జనం, జనం దగ్గర స్కోపులుండవు అనేవాడాయన.

అలాగే ఇవాళ మూత బిగించి, మైకు తగిలించి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. నిశ్శబ్దం. నాబ్ చివరిదాకా తిప్పాడు. అయినా నిశ్శబ్దమే. తన చేతిపని తనకే ముద్దొచ్చింది.

షాపు వాళ్ల ఇంటి ముందుగది. దాని వెనక గదిలో మైకు పెట్టారు. గోడలకి దుప్పట్లు వేలాడదీశారు, కిటికీలు మూశారు, ఫ్యాను ఆపారు, ఫ్రిజ్ ప్లగ్ పీకేశారు. రెండు గదుల మధ్య తలుపుకి పైభాగంలో అద్దం ఉంది, మైకు వైరు తలుపు కిందనుంచి వస్తుంది. జోలమ్మ అప్పటికే లోపల కుర్చీలో కూర్చుని గోరువెచ్చటి నీళ్లు చప్పరిస్తోంది. పొద్దున్నుంచి ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు, మాటలన్నీ మైకు కోసం దాచిపెట్టుకుంది.

కూతురు సెలవు పెట్టి వచ్చింది. ఆ అమ్మాయి డ్రైవింగ్ నేర్పే స్కూల్లో టీచరు. రోజంతా కొత్తవాళ్ల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునే ఉద్యోగం కాబట్టి ముఖంలో ఏదీ కనపడనివ్వదు. మెకానిక్ ఆమెకి హెడ్‌ఫోన్స్ అందించాడు. అమ్మాయి పెట్టుకుంది. కనురెప్పలు ఒక్కసారి గట్టిగా మూసుకుని తెరుచుకున్నాయి. కుడికాలు ఉన్నచోటే నేలని నొక్కింది, అక్కడ బ్రేకు ఉన్నట్టు.

ఎలా ఉందని అతను అడిగాడు. బాగుంది నాన్నా, అసలు చప్పుడే లేదు అంది. అమ్మ దిండు సరిచేసి వస్తానని లోపలికి వెళ్లి తలుపు మూసింది.

మెకానిక్ గాల్లో తేలిపోయాడు. ఇక ఆమె గొంతుకి సరిపడా నాబ్ ఎక్కడ పెట్టాలో చూసుకోవడమే మిగిలింది. హెడ్‌ఫోన్స్ మళ్లీ పెట్టుకుని, వాల్యూమ్ పెంచి, డబ్బా పక్కన పెట్టిన రికార్డర్ మీటర్ ముల్లు మీద కన్నేసి కూర్చున్నాడు.

“అమ్మా, ఆ డబ్బా ఈల వేస్తోంది.” కూతురి గొంతు చెవి పక్కనే ఉన్నట్టు వినిపించింది. “సన్నగా, సూదితో గుచ్చినట్టు. ఇది పంపితే మళ్లీ తిరిగొస్తుంది.”

“ఆయనకి వినపడలేదా?” అంది ఇంకో గొంతు.

లోపలికి ఇంకెవరో వచ్చారనుకున్నాడు. మెత్తటి గొంతు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తగులుతోంది, తొందర లేదు, కాస్త జీర ఉంది. ఎవరీ మనిషి, ఎటునుంచి వచ్చిందని తల తిప్పి తలుపు అద్దంలోంచి చూశాడు. గదిలో ఉన్నది ఇద్దరే. పెదాలు కదులుతున్నది అతని భార్యవి.

“వినపడితే ఊరుకుంటారా?” అంది కూతురు.

“అయితే చెప్పకు. ఇందులోనే చదివేస్తాను.”

“నీ గొంతు ఈ పూటకేనమ్మా. రేపు చేరాలి. దీంట్లో చదివేస్తే ఇంకేం మిగలదు.”

“మిగలకపోతే రాసి చూపిస్తాను.” ఆ మెత్తటి గొంతు ఒక గుక్క నీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టింది. “పాముచెవులని నలుగురూ అంటుంటే మురిసిపోయే మనిషి. ఆ చెవులు పోయాయని నేను చెప్పను, నిన్ను చెప్పనివ్వను. ఇన్నేళ్లు గొంతు పెంచి నెట్టుకొచ్చాను. ఇంకొక్క పూట నెట్టలేనా?”

మెకానిక్‌కి ముందొచ్చింది కోపం. అతనికది ముక్కు మీదే ఉంటుంది. చెవులు పోవడమేమిటి, ఎవరికి పోయాయి, ఈ ఇంట్లో తల్లీ కూతుళ్లు కలిసి తనకి లేని జబ్బు అంటగడుతున్నారు అనుకున్నాడు. అసలు ఈలే లేదు. ఉంటే తనకి వినపడదా? అది రుజువు చేయడానికే స్కోపు స్విచ్ వేశాడు. మూత బిగించిన డబ్బాకి జీవితంలో మొదటిసారి స్కోపు తగిలించాడు.

వెంట్రుకలా ఉండాల్సిన గీత తెరమీద అరచేయంత పట్టీ అయి కూర్చుంది. స్కోపు నాబ్ తిప్పాడు. పట్టీ విడిపోయి అలలుగా మారింది. ఒకదాని వెనక ఒకటి, అన్నీ ఒక్క కొలతతో, ఎక్కడా తేడా లేకుండా. గోల అలా ఉండదు. అది ఈల. అంత పెద్ద ఈల తెరనిండా ఊగుతుంటే హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో చెవులకి అదిమి పట్టుకుని, ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ లేదు. తన చేతిపని అని మురిసిపోయిన నిశ్శబ్దమే, చెక్కుచెదరకుండా అలాగే ఉంది.

షాపులో గొణిగినవాళ్లు, ఫోన్లో నమిలినవాళ్లు, వార్తలు మింగేసినవాళ్లు అందరూ వరసగా గుర్తొచ్చారు. వాళ్లెవరూ గొణగలేదన్నమాట. పిల్లలు ఆ మెత్తటి గొంతుకే నిద్రపోయేవాళ్లు. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, ఆ గొంతుని పక్కనపెట్టి, అతని కోసం ఇంకో గొంతు ఎత్తుకునేది. ఎన్నాళ్ల నుంచో అతనికి తెలియదు. అరిచి అరిచి ఆ గొంతు ఇలా అయిందా అన్న ఆలోచన కూడా వచ్చింది. సర్జన్ అలా అనలేదు, డాక్టరమ్మా అనలేదు. అయినా ఆ ఆలోచన వచ్చి అతని మెడ పట్టుకుంది.

“ఏవండీ, మొదలుపెట్టనా?” లోపల్నుంచి భార్య అరిచింది. ఇది అతనికి తెలిసిన గొంతు. తలుపు దాటుకుని, హెడ్‌ఫోన్స్ దాటుకుని సూటిగా వచ్చింది. వెనకే దగ్గు వచ్చింది, పొడి దగ్గు, ఆగి ఆగి మళ్లీ వచ్చింది.

ఊ అంటే అయిపోతుంది. ఆవిడ చదివేస్తుంది, అతని పరువు దక్కుతుంది, గురువారం వస్తుంది. బ్యాటరీ తగ్గింది కాసేపాగమని అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కారణం తనే కనిపెట్టినట్టు సర్దుకుని, ఎవరికీ తెలియకుండా మూత విప్పొచ్చు. కానీ విప్పి ఏం చేస్తాడు? ఈల పోయిందో లేదో చెప్పాల్సిన చెవులు అతని దగ్గర లేవు.

లేచి వెళ్లి తలుపు తీశాడు. “ఆగు. అది ఈల వేస్తోంది.”

భార్య చురుగ్గా కూతురి వైపు చూసింది.

“అమ్మాయి చెప్పలేదు,” అన్నాడు. “మైకు ఆన్‌లో ఉంది.”

ఎంతవరకు విన్నారని భార్య చాలా మెల్లగా అడిగింది. అతనికి పెదాలు మాత్రమే కనిపించాయి గానీ ఏమడిగిందో తెలిసింది. అంతా విన్నానన్నాడు. ఆవిడ చెయ్యి చాచింది. అతను ఆ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే కూలబడిపోతాడని అతనికి తెలుసు, కూలబడే తీరిక లేదు. ఇక ఒక్క మాట కూడా మాట్లాడొద్దని ఆవిడకి చెప్పి, కూతుర్ని షాపులోకి రమ్మన్నాడు.

ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్నారు. కూతురు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మాటలు వద్దు, చేత్తో చెప్పమన్నాడు. కారు నేర్పేటప్పుడు చేసే సైగలే అమ్మాయి చేసింది. అరచెయ్యి పైకి లేస్తే ఈల పెరిగింది, కిందికి దిగితే తగ్గింది, బల్లకి ఆనిస్తే పోయింది. మెకానిక్ స్క్రూలు విప్పి మూత ఎత్తాడు. చెయ్యి బల్లకి ఆనింది. మూత పెట్టాడు. చెయ్యి భుజం దాకా లేచింది. స్కోపు కూడా అదే మాట అంది.

లోపలికి వచ్చే వైరుకి బయటికి పోయే వైరు దగ్గరగా ఉందేమోననుకున్నాడు. దాన్ని విప్పి డబ్బా అటు అంచునుంచి తిప్పి సోల్డర్ చేశాడు. సోల్డర్ చుక్క వేలిమీద పడితే కిమ్మనకుండా తుడిచేసుకున్నాడు. మూత పెట్టాడు. స్కోపులో గీత సన్నబడి పాత వెంట్రుకలా కనిపించింది. హమ్మయ్య అని తలెత్తితే కూతురి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది, బల్లకి జానెడు ఎత్తున. పాత స్కోపుకి అందనంత సన్నగా ఈల ఇంకా మోగుతోంది. అతని పరికరాల్లో ఏదీ దాన్ని పట్టలేదు. పట్టగలిగింది ఆ అమ్మాయి చెవి ఒక్కటే.

ట్రాన్స్‌ఫార్మర్ తిప్పి కూర్చోబెట్టాడు. చెయ్యి దిగలేదు. చిన్న కెపాసిటర్ ఒకటి అడ్డం వేశాడు. వేలెడు దిగి మళ్లీ ఆగిపోయింది. కిటికీ అవతల ఎండ గోడమీదికి ఎక్కింది. గుమ్మంలో నిలబడ్డ భార్య గొంతు సవరించుకుంది. అది చిన్న చప్పుడే, అతనికి వినపడలేదు. కానీ కూతురు ఉలిక్కిపడి తల్లివైపు తిరగడం చూశాడు, ఆ గొంతులో జీర మొదలైందని అర్థమైంది. ఏ స్టూడియోకైనా ఫోన్ చేయనా అన్నట్టు కూతురు ఫోన్ ఎత్తి చూపించింది. ఈసారి అతను కస్సుమనలేదు. చెయ్యమన్నాడు. అమ్మాయి ఒక చెవికి ఫోన్, ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇద్దరు ముగ్గుర్ని అడిగింది. ఇవాళ పొద్దున ఎవరి దగ్గరా ఖాళీ లేదు.

మెకానిక్ డబ్బా మీద బొటనవేళ్లు ఆనించి తలొంచుకుని కూర్చున్నాడు. మూత అనేది కాపలాకి పెట్టిన రేకు. బయటి గోలని ఆపాలి గానీ, లోపల గోల పుట్టించడమేమిటి? విసుగుతో మూతని అదిమాడు. కూతురి చెయ్యి టక్కున బల్లకి ఆనింది.

వేళ్లు తీశాడు. చెయ్యి లేచింది. మళ్లీ బలంగా అదిమాడు. మళ్లీ దిగింది. అదిమితే కాపలా కాస్తోంది, వదిలితే దొంగవుతోంది. స్క్రూలు విప్పి మూత తిరగేసి చూశాడు. లోపలంతా ఆకుపచ్చ రంగు. డబ్బా అంచు మీదా అదే రంగు. అంతకుముందు రోజు అతనే వేశాడు. ఆమె గొంతు ఉండబోయే డబ్బా తుప్పు మరకలతో ఉంటే ఏం బాగుంటుందని ముచ్చటపడి, ఆమెకిష్టమైన రంగు కొనుక్కొచ్చి, మూల మూలకీ కుంచె పెట్టి, ఒక పూత చాలదని ఇంకో పూత కూడా వేశాడు. స్క్రూలు దిగేది ప్లాస్టిక్ గుంజల్లోకి. కాబట్టి మూత రేకు డబ్బా రేకుని ఎక్కడా తాకడం లేదు, మధ్యలో రంగు అడ్డుపడుతోంది. దేన్నీ తాకకుండా గాల్లో ఉన్న ఆ మూత, బయటికి పోయే మాటని మోసుకెళ్లి మళ్లీ లోపలికొచ్చే మాట చెవిలో ఊదుతోంది, చాడీలకోరులా. ఆ చాడీయే ఈల. ముప్పాతిక జీవితం డబ్బాలు విప్పినవాడు చెయ్యాల్సిన తప్పు కాదది. ప్రేమ కొద్దీ చేశాడు.

బ్లేడు తీసుకుని అంచు వెంబడి రంగు గీకడం మొదలుపెట్టాడు. పచ్చటి పెచ్చులు ఒళ్లో పడ్డాయి. మూత లోపలి అంచు, డబ్బా అంచు, రెండూ తెల్లటి రేకు తేలేదాకా గీకి, గరుకు కాగితంతో రుద్ది, మూత పెట్టి స్క్రూలు బిగించాడు. డబ్బా గజ్జి పట్టినట్టు తయారైంది. కూతురు కళ్లు మూసుకుని విన్నది. చెయ్యి మెల్లగా దిగి బల్లకి ఆనింది.

“పోయిందా?”

కూతురు తలూపింది. అతను ఆమె ముఖంలోకే చూశాడు. పొద్దున కూడా ఈ ముఖమే, అసలు చప్పుడే లేదని చెప్పింది. ఈ ఇంట్లో అతని మనసు నొప్పించకుండా ఎంత చక్కగా అబద్ధమాడతారో ఇవాళే తెలిసింది. తెలుసుకునే దారి అతనికి ఇంకొకటి లేదు. స్కోపు చేతులెత్తేసింది, చెవులు ఎప్పుడో చేతులెత్తేశాయి.

“నాకోసం చెబుతున్నావా?” అన్నాడు.

అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి, అతనికి అందేలా గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. “ఈల లేదు నాన్నా. అడుగున కొంచెం బుస్సుమంటోంది. కుండలో నీళ్లు కాగుతున్నట్టు. అది మాత్రం ఉంది.”

వంక పెట్టింది కాబట్టి నమ్మాడు. ఆ బుస్సు మైకుదే, ఎవరూ తీయలేనిది, దానికి అభ్యంతరం ఉండదని కూతురికి చెప్పి, భార్యని కుర్చీలో కూర్చోబెట్టి, తలుపు మూసి, రికార్డింగ్ బటన్ నొక్కమన్నాడు.

ఆవిడ కాగితం ఎత్తుకుంది. అద్దంలోంచి అతన్ని చూసింది. చూసి, అలవాటు కొద్దీ గొంతు ఎత్తింది.

“కిటికీలు తెరిస్తే గాలి బాగా వస్తుంది.” మీటర్ ముల్లు ఎగిరి అవతలి ఎర్రగీతని కొట్టింది. కూతురు హెడ్‌ఫోన్స్ చెవులనుంచి లాగేసింది. నాబ్ తగ్గించారు. రెండో వాక్యమూ అలాగే వచ్చింది, మూడోది సగంలో దగ్గులో కలిసిపోయింది. ఆవిడ నీళ్లు తాగి, దణ్ణం పెడుతున్నట్టు రెండు చేతులూ ఎత్తి ఆగమని సైగ చేసి, మళ్లీ ఊపిరి నిండా పీల్చుకుంది. అద్దంలోంచి చూస్తున్న అతనికి ఆ మెడనరాలు ఉబ్బడం కనిపించింది. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాడు, మాట్లాడేటప్పుడు అందరికీ అలాగే ఉబ్బుతాయనుకున్నాడు.

రికార్డింగ్ ఆపమని లోపలికి వెళ్లాడు. ఆవిడ కుర్చీ ముందు నేలమీద చతికిలబడ్డాడు.

“అలా కాదు. ఇందాక అమ్మాయితో మాట్లాడావు చూడు, అలా చదువు.”

ఆవిడ అతని చెవి దగ్గరికి వంగింది. “అలా చదివితే రేపు ఆ ఫోనులోంచీ అలాగే వస్తుందండీ. మరి మీకు వినపడొద్దూ?”

ఆవిడకి ఆ భయం ఉందని అప్పుడు తెలిసింది అతనికి. మాట పోయాక మిగిలే ఒక్క గొంతునీ అతని చెవులకి సరిపోయేలా అరిచి పెట్టి వెళ్దామనుకుంది. గురువారం తర్వాత కూడా ఈ ఇంట్లో అరుస్తూనే ఉందామనుకుంది. అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

“నువ్వు నీ గొంతుతో చదువు,” అన్నాడు. “వాల్యూమ్ నేను పెంచుకుంటాను.”

ఆవిడ అతని తలమీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. అతను లేచి బయటికొచ్చి తలుపు మూశాడు. కూతురు హెడ్‌ఫోన్స్ అందించబోతే వద్దన్నాడు, ఆ చెవులే వినాలి, ఎక్కడైనా చప్పుడు పడితే వెంటనే పట్టుకోవాలి అన్నాడు. అమ్మాయి నాబ్ పెంచి, బటన్ నొక్కి, తల్లికి సైగ చేసింది.

అద్దం అవతల ఆవిడ ఈసారి అతనివైపు చూడలేదు. కాగితం వైపు చూస్తూ పెదాలు కదిపింది. మెడనరాలు ఉబ్బలేదు. కూతురు కళ్లు మూసుకుని, అరచెయ్యి బల్లకి ఆనించి ఉంచింది. అతనికి ఏమీ వినపడలేదు. మీటర్ మీద ముల్లు మాత్రం ఆవిడ ప్రతి మాటకీ లేచి పడుతూ ఉంది, ఆవిడ చివరి వాక్యం చదివేదాకా అతను దాన్నే చూస్తూ కూర్చున్నాడు.